మొగల్లు నుంచి ట్రాంబే దాకా: అయ్యగారి సాంబశివరావు గారి జీవిత విశేషాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం గురించి రాయాలని కూర్చున్నప్పుడు మాకు చాలా పేర్లు తోచాయి. చివరకు ఒక ఇంజనీరు పేరు దగ్గర ఆగాము. హైదరాబాద్ వెళ్ళిన మన పూర్వ విద్యార్థులందరూ సిటీ బస్సుల మీద ఏ.ఎస్. రావు నగర్ అనే బోర్డు చూసే ఉంటారు. ఈసీఐఎల్ చౌరస్తాలో దిగినవారూ, అక్కడ గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివినవారూ ఉంటారు. కాని ఆ ఏ.ఎస్. రావు ఎవరని అడిగితే చాలామంది రాజకీయ నాయకుడేమో అనుకుంటారు. ఆయన రాజకీయ నాయకుడు కాదు. మన గోదావరికి అవతలి ఒడ్డున పుట్టి, ఈ దేశం తన కంప్యూటర్‌ను, తన అణు రియాక్టర్ యంత్రాలను తానే తయారు చేసుకోగలదని చేసి చూపించిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు.

బాల్యం, చదువు

సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లు గ్రామంలో జన్మించారు. భీమవరానికి దగ్గరలోని ఈ ఊరు మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా. ఇప్పుడు మన ఉప్పలగుప్తం నుంచి బయలుదేరితే అమలాపురం, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి, పాలకొల్లు, భీమవరం మీదుగా ఒక్క పూటలో మొగల్లు చేరుకోవచ్చు. ఆయన చిన్నతనంలో ఆ వంతెన లేదు. వశిష్ఠ గోదావరి దాటాలంటే పడవే దిక్కు.

అటువంటి డెల్టా పల్లె నుంచి ఆయన కాశీ దాకా వెళ్ళి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశారు. తరువాత కొన్ని సంవత్సరాలు అక్కడే అధ్యాపకులుగా పనిచేశారు. అంతటితో తృప్తి పడి ఉంటే ఒక మంచి మాస్టారుగా ఆయన జీవితం గడిచిపోయేది. కాని 1946లో ఆయనకు టాటా స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ డబ్బుతో అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ పొందారు.

ఇక్కడ మేము ఒక్క నిమిషం ఆగి స్కాలర్‌షిప్ అనే మాట గురించి చెప్పదలచుకున్నాము. మన హాస్టల్‌లో ఈ మాట తెలియని వారు లేరు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం 1944లో, అంటే డాక్టర్ అంబేడ్కర్ గారు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా ఉన్న కాలంలో మొదలైంది. మన పిల్లలు సైన్సు, సాంకేతిక విద్య చదవడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలని ఆయన 1942 నుంచే పట్టుబట్టారు. ఆ కాలంలోనే, 1945లో, కేరళలోని ఒక పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ గారు టాటా స్కాలర్‌షిప్ మీదనే లండన్ వెళ్ళి చదువుకున్నారు. 1997లో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయన వెళ్ళిన మరుసటి సంవత్సరమే సాంబశివరావు గారు అమెరికా ఓడ ఎక్కారు. స్కాలర్‌షిప్ అంటే దయాధర్మం కాదు, సమాజం ఒక మనిషి మీద పెట్టే పెట్టుబడి అని ఈ రెండు జీవితాలు చూస్తే అర్థమవుతుంది. ఆ పెట్టుబడిని సాంబశివరావు గారు ఎలా తిరిగి ఇచ్చారన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది.

తిరుగు ప్రయాణం

చదువు పూర్తయ్యాక ఆయనకు అమెరికాలోనే మంచి ఉద్యోగాలు వచ్చాయి. యుద్ధం ముగిసిన రోజులు. రాడార్, రేడియో, టెలివిజన్ రంగాలలో ఇంజనీర్లకు ఎక్కడ చూసినా గిరాకీ ఉంది. అయినా ఆ అవకాశాలను కాదనుకుని ఆయన స్వదేశానికి తిరిగి వచ్చారు. బొంబాయిలో డాక్టర్ హోమీ భాభా గారు 1945లో స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. భాభా గారి నాయకత్వంలో సాంబశివరావు గారు పనిలో దిగారు.

మొదట ఆయన చేసిన పని విశ్వకిరణాలకు సంబంధించినది. అంతరిక్షం నుంచి మన భూమి మీదికి ఎల్లవేళలా కంటికి కనిపించని కణాలు వచ్చి పడుతూ ఉంటాయి. వాటిని విశ్వకిరణాలు అంటారు. వాటిని లెక్కించాలంటే గైగర్ కౌంటరు వంటి పరికరాలు, వాటి నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ స్పందనను పెద్దది చేసే సర్క్యూట్లు కావాలి. ఆ రోజుల్లో ఇటువంటి పరికరాలన్నీ విదేశాల నుంచే రావాలి. వాటికి డాలర్లు, పౌండ్లు కావాలి, దిగుమతి అనుమతులు కావాలి, నెలల తరబడి ఎదురు చూడాలి. తీరా వచ్చాక పాడైతే బాగుచేసే మనిషి ఉండడు.

అందువల్ల సాంబశివరావు గారూ, ఆయన సహచరులూ పరికరాలను తామే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. వాల్వులు అమర్చి, తీగలు సోల్డరింగ్ చేసి, కొలిచి, తప్పు ఉంటే విప్పి, మళ్ళీ కట్టేవారు. పరిశోధనశాల అంటే తెల్లకోటు వేసుకుని సూత్రాలు రాసేవారే ఉంటారని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక శాస్త్రవేత్త వెనుక లేత్ మెషీన్ తిప్పేవారు, వైరింగ్ చేసేవారు, డ్రాయింగ్ గీసేవారు, మీటర్లు సరిచూసేవారు ఎందరో ఉంటారు. వారి చేతిపనితోనే మన దేశంలో పరిశోధనకు పనికివచ్చే ఎలక్ట్రానిక్స్ పెరిగింది.

అప్సర రియాక్టర్

1954లో బొంబాయి శివారులోని ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడింది. భాభా గారి మరణం తరువాత 1967లో దానికి భాభా అణు పరిశోధన కేంద్రం అని పేరు పెట్టారు. మనందరం బార్క్ అని పిలిచేది దానినే. అక్కడి ఎలక్ట్రానిక్స్ విభాగానికి సాంబశివరావు గారు సారథ్యం వహించారు.

ట్రాంబేలో కట్టిన మొదటి రియాక్టర్ అప్సర. 1956 ఆగస్టు 4న అది పనిచేయడం ప్రారంభించింది. ఆసియాలో, సోవియట్ దేశాన్ని మినహాయిస్తే, అదే మొదటి రియాక్టర్. ఇంధనం ఇంగ్లండ్ ఇచ్చింది. రియాక్టర్‌ను మాత్రం మనవాళ్ళే కట్టారు. అందులో నియంత్రణ, కొలత పరికరాల బాధ్యత సాంబశివరావు గారి బృందానిది.

ఆ బాధ్యత ఎంతటిదో మన సైన్సు విద్యార్థులు తెలుసుకోవాలి. యురేనియం పరమాణువు పగిలితే న్యూట్రాన్లు బయటకు వస్తాయి. అవి మరికొన్ని పరమాణువులను పగలగొడతాయి. దీనినే శృంఖల చర్య అంటారు. దానిని అదుపులో ఉంచడానికి న్యూట్రాన్లను పీల్చుకునే కడ్డీలను ఇంధనం మధ్యకు దించుతారు, అవసరాన్ని బట్టి పైకి తీస్తారు. అయితే లోపల న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో కంటికి కనిపించదు. డిటెక్టరు నుంచి వచ్చే అతి స్వల్పమైన కరెంటును చూసి తెలుసుకోవాలి. ఆ కరెంటును ఆంప్లిఫయర్ పెద్దది చేసి మీటరు మీద చూపాలి. హద్దు దాటితే మనిషి చేయి వేయకముందే కడ్డీలు వాటంతట అవే లోపలికి పడిపోవాలి. సర్క్యూట్‌లో ఒక్క వాల్వు మొరాయించినా, ఒక్క అతుకు ఊడినా ప్రమాదమే. అందుకే ఒకే కొలతను ఒకటికి మించిన పరికరాలతో తీస్తారు. ఒకటి చెడినా మరొకటి కాపాడుతుంది.

అంత నమ్మకమైన పరికరాలను స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు కూడా నిండని దేశంలో ఆ బృందం తయారు చేసింది. అప్సర అర్ధ శతాబ్దానికి పైగా సేవలందించి 2009లో ఆగింది. దాని స్థానంలో నవీకరించిన అప్సర 2018లో ప్రారంభమైంది.

ఈ కృషికి గుర్తింపుగా సాంబశివరావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి.

భాభా కమిటీ

1962 చైనా యుద్ధంలో మన సైన్యానికి వైర్‌లెస్ సెట్ల వంటి ఎలక్ట్రానిక్ పరికరాల కొరత ఎంత నష్టమో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా గారి అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించారు. విక్రమ్ సారాభాయ్ గారు, మన తెలుగువారైన సూరి భగవంతం గారు, సాంబశివరావు గారు అందులో సభ్యులు. పరిశోధనశాలలో కనిపెట్టినది అక్కడే బీరువాలో ఉండిపోకూడదని, దానిని ఫ్యాక్టరీలో తయారు చేసి దేశమంతటికీ అందించాలని ఆ కమిటీ ఆలోచన.

1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో భాభా గారు మరణించారు. పెద్ద దిక్కు పోయింది. ఆలోచనను ఆచరణలో పెట్టే భారం మిగిలినవారి మీద పడింది.

ఈసీఐఎల్ స్థాపన

1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా ఈసీఐఎల్, ఏర్పడింది. దాని వ్యవస్థాపకులు సాంబశివరావు గారు. ట్రాంబేలో పెరిగిన విజ్ఞానాన్ని తీసుకువచ్చి తెలుగు నేల మీద నాటారు. విదేశీ కంపెనీ నుంచి నమూనా కొని బిగించడం కాకుండా, మన పరిశోధనశాలలోనే పుట్టిన నమూనాలతో వస్తువులు తయారు చేయాలన్నది ఆ సంస్థ పట్టుదల.

అక్కడ తయారైన వాటిలో అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు ఉన్నాయి. ట్రాన్సిస్టర్లతో పనిచేసే టెలివిజన్ సెట్లు ఉన్నాయి. ఈసీ టీవీ అనే పేరు మన పెద్దవాళ్ళలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. దానినే సైట్ అంటారు. ఆ పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీ వంటి దానితో చేసిన యాంటెన్నాను ఎక్కుపెట్టి, ఊరంతా ఒకచోట కూర్చుని చూసిన ఆ టీవీ సెట్లను తయారు చేసింది ఈసీఐఎల్.

ఇక కంప్యూటర్ సంగతి. 1969లో ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, సంక్షిప్తంగా టీడీసీ-12, తయారైంది. 12 అంటే 12 బిట్లు. ఒక్కో దఫా 12 సున్నాలు, ఒకట్ల వరుసను పట్టుకుని లెక్క చేస్తుంది. ఇప్పుడు మన చేతిలోని సెల్‌ఫోన్ 64 బిట్లతో పనిచేస్తోంది కాబట్టి 12 బిట్లు అంటే నవ్వు రావచ్చు. కాని ఆనాడు మన దేశంలో ఉన్న కంప్యూటర్లలో అధికభాగం విదేశీ కంపెనీలవే. వాటిలో చాలా వరకు అద్దెకు తెచ్చుకున్నవి. లోపల ఏముందో మనవాళ్ళు విప్పి చూసే వీలు తక్కువ. టీడీసీని మాత్రం మనవాళ్ళే గీసి, మనవాళ్ళే కట్టారు. దాని తరువాత 16 బిట్ల టీడీసీ-316 వంటివి వచ్చాయి.

ఎదురుగాలి

జీవిత చరిత్ర అంటే పొగడ్తలే ఉండకూడదని మా అభిప్రాయం. ఈసీఐఎల్ కంప్యూటర్ల ధర ఎక్కువనీ, ఆర్డరు ఇచ్చాక చేతికి రావడం ఆలస్యమనీ ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి. 1970ల చివరికి మైక్రోప్రాసెసర్ చిప్ రావడంతో చిన్న ప్రైవేటు కంపెనీలు కూడా కంప్యూటర్లు బిగించి అమ్మసాగాయి. 1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్ళింది. ఆ ఖాళీ అంతా ఈసీఐఎల్‌కు దక్కలేదు. 1984 తరువాత దిగుమతులు సులభమయ్యాయి, 1991 తరువాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఈసీఐఎల్ టీవీ గాని, కంప్యూటర్ గాని ఇప్పుడు మన ఇళ్ళల్లో కనిపించవు.

అయితే ఆ కృషి వృథా అయిందా? కాలేదని మేము అంటాము. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్నే తీసుకోండి. 1977లో ఎన్నికల సంఘం ఆలోచన చేస్తే, 1979లో ఈసీఐఎల్ నమూనా తయారు చేసింది. 1980 ఆగస్టులో రాజకీయ పార్టీలకు దానిని చూపించారు. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా ఈ యంత్రాలతోనే జరిగాయి. ఇప్పటికీ వాటిని తయారు చేసేవి రెండే సంస్థలు. ఒకటి హైదరాబాద్ ఈసీఐఎల్, రెండవది బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్. మన ఉప్పలగుప్తం పోలింగ్ బూత్‌లో కూలి పనికి వెళ్ళే అమ్మ నొక్కినా, కోటీశ్వరుడు నొక్కినా ఒకే చప్పుడు చేసే ఆ యంత్రం ఈ రెండింటిలో ఒకచోట పుట్టినదే.

టీడీసీ మీద పని నేర్చుకున్న ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఆ తరువాత ఎన్నో సంస్థలకు విస్తరించారు. హైదరాబాద్ అంటే కంప్యూటర్ల ఊరు అనే పేరు హైటెక్ సిటీతో వచ్చిందనుకుంటాము. దానికి ముప్పై ఏళ్ళ ముందే ఆ నగరపు తూర్పు అంచున కంప్యూటర్ తయారీ జరిగింది.

ఆ గేటు లోపలికి ఎవరు వెళ్ళారు?

మా వరకు మాకు అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఇది. ఒక పరిశోధనశాలలో వంద మంది పి.హెచ్‌డి. వారికే చోటు ఉంటుంది. ఒక ఫ్యాక్టరీలో ఐ.టి.ఐ. ఫిట్టరుకూ, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసినవారికీ, డిగ్రీ చదివినవారికీ చోటు ఉంటుంది. సాంబశివరావు గారు పరిశోధనశాలను ఫ్యాక్టరీగా విస్తరించడం వల్ల వేల కుటుంబాలకు దారి దొరికింది. అది ప్రభుత్వ రంగ సంస్థ కావడం వల్ల రాజ్యాంగం ఇచ్చిన రిజర్వేషన్లు అక్కడ వర్తించాయి. అటువంటి గేట్ల గుండానే తాత, తండ్రి సంతకం చేయలేని ఇళ్ళ నుంచి మొదటి తరం టెక్నీషియన్లు, ఇంజనీర్లు లోపలికి వెళ్ళారు. వారి పిల్లలు హాస్టల్ అవసరం లేకుండా చదువుకున్నారు. ఈ మార్పును ఏ అవార్డుల జాబితాలోనూ రాయరు.

ఆ గేటు ఇప్పుడు ఇరుకైందన్నది కూడా వాస్తవం. ప్రభుత్వ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గి, కాంట్రాక్టు ఉద్యోగాలు పెరిగాయి. ప్రైవేటు కంపెనీలలో రిజర్వేషన్ లేదు. అందుకే ఉన్న దారులను మనవాళ్ళు తెలుసుకుని ఉండాలని మా తపన.

బార్క్ ట్రైనింగ్ స్కూలు 1957లో మొదలైంది. బి.టెక్., ఎం.ఎస్సీ. చేసినవారిని గేట్ మార్కులతో గాని, సొంత పరీక్షతో గాని తీసుకుని, స్టైపెండ్ ఇస్తూ శిక్షణ ఇస్తారు. డిప్లొమా, బి.ఎస్సీ. వారికి, ఐ.టి.ఐ., ఇంటర్ ఎం.పి.సి. వారికి స్టైపెండియరీ ట్రైనీ నియామకాలు వేరుగా ఉంటాయి. ఈసీఐఎల్ ఐ.టి.ఐ. వారికి అప్రెంటిస్‌షిప్ ఇస్తుంది. డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాలలు టెక్నీషియన్లను తీసుకుంటాయి. కేంద్ర ప్రభుత్వ నియామకాలలో ఎస్సీ, ఎస్టీలకు వయసులో 5 ఏళ్ళ సడలింపు, సాధారణంగా పరీక్ష ఫీజు మినహాయింపు ఉన్నాయి. ప్రకటన వచ్చిన రోజే పూర్తిగా చదవండి. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో ముందే తీసి ఉంచుకోండి. ఆఖరి రోజు దాకా ఆగకండి.

ఇంకొక మాట. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చేరితే చిన్నతనంగా భావించే తమ్ముళ్ళు ఉన్నారు. అప్సరలో కడ్డీలను సమయానికి దించిన పరికరంలోని ప్రతి అతుకూ ఒక మనిషి చేతితో సోల్డరింగ్ చేసినదే. ఆ చేతి విలువ సూత్రం రాసిన చేతి విలువకు తక్కువ కాదు. లెక్కలు, భౌతికశాస్త్రం శ్రద్ధగా చదవండి. పాడైన రేడియోనో, ఛార్జరునో విప్పి చూడండి. కరెంటు తీసేశాక మాత్రమే సుమా!

ముగింపు

సాంబశివరావు గారు 2003లో కన్నుమూశారు. ఈసీఐఎల్ ఉద్యోగులు ఇళ్ళు కట్టుకున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ కాలనీ పెరిగి పెరిగి ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక పెద్ద పేటగా మారింది. తమ కింద పనిచేసినవారు తమ వీధికి తమ పేరు పెట్టుకోవడం ఎంతమంది అధికారులకు దక్కుతుంది?

ఒక స్కాలర్‌షిప్ మీద సముద్రం దాటిన మనిషి, నేర్చుకున్న విద్యను తన జీతానికే పరిమితం చేయకుండా వేల మందికి బ్రతుకుతెరువు అయ్యే సంస్థగా తిరిగి ఇచ్చారు. మనం తినే మెస్ అన్నం, చదివే పుస్తకం, పడుకునే గది ప్రజల డబ్బుతో వచ్చినవే. అవి మన హక్కు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. రేపు మనలో ఎవరైనా ఒక ప్రయోగశాలలో, ఒక ఫ్యాక్టరీలో, ఒక కార్యాలయంలో కుర్చీ సంపాదిస్తే, మన వెనుక వచ్చే తమ్ముడికి ఆ గేటు ఎక్కడుందో చూపించాలి. ఫలానా ప్రకటన వచ్చిందని హాస్టల్‌కు ఒక ఉత్తరం రాసినా, ఒక ఫోన్ చేసినా చాలు. పూర్వ విద్యార్థులైన అన్నలందరినీ మేము ఈ సంచిక ద్వారా కోరుతున్నది అదే.